ఎండు నెత్తళ్ళు: మంచి సరుకు ఎలా పోల్చుకోవాలి, పాడవకుండా ఎలా దాచుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయనగరంలో ఉంటున్నారు, సంతలో ఎండు నెత్తళ్ళు, అంటే వేలెడంత సముద్రపు చేపలు ఎండబెట్టినవి, కొన్నారు. కూర వండితే పళ్ళకింద ఇసుక. మిగిలినవి ప్లాస్టిక్ డబ్బాలో పోసి పెడితే నెల తిరక్కుండానే ఎర్రబడి ముక్క వాసన వచ్చింది. ఏడాదిన్నర బాబుకి ఎముక పుష్టి కోసం నెత్తళ్ళ పొడి అన్నంలో కలిపి పెట్టమని మీ అత్తగారు అంటున్నారు, ఈ సరుకు చూశాక మీకు ధైర్యం చాలడం లేదు. ఎలాంటివి కొనాలి, ఎలా దాచాలి, బిడ్డకి పెట్టొచ్చా?

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఉప్పు వేయకుండా, నేల ఇసుక మీద కాకుండా వల మీదో సిమెంటు గచ్చు మీదో ఎండబెట్టిన నెత్తళ్ళు కొనండి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి ఏప్రిల్ రెండో వారం లోపు కొనుక్కోండి. ఇంటికి తెచ్చిన మర్నాడే ఇంకో ఎండ చూపించండి. పూర్తిగా చల్లారాక గాలి చొరని కవర్లలో కొద్దికొద్దిగా కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. బాబుకి పెట్టొచ్చు, కానీ సంతలో దొరికిన ఏదో సరుకుతో కాదు, దానికి వేరే జాగ్రత్తలు ఉన్నాయి. ఇప్పుడు మీ డబ్బాలో ఎర్రబడి ఉన్నవి మాత్రం పారేయండి. వేయించినా, కడిగినా, మళ్ళీ ఎండబెట్టినా అవి బాగుపడవు.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని పల్లెలు తిరిగి ఎండు చేపలు అమ్మింది. నేను రేవులో పచ్చి చేప వేలం పాటలో కొని, ఎండబెట్టించి, టోకున అమ్ముతాను. మా వైపు మగవాళ్ళు చాలామంది గుజరాత్‌లోని వీరావల్ దాకా బోట్ల మీద పనికి వలస పోతారు. ఒడ్డున ఎండబెట్టడం, సరుకు కట్టడం, సంతలకు తోలడం చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీద నడిచే పని. చేతులతో చేసిన పని గురించే ఇక్కడ రాస్తున్నాను.

చెడిపోవడం మీ డబ్బాలో మొదలు కాలేదు

చాలామంది ఎండు చేప పాడైతే ఇంట్లో దాచడం తెలియలేదనుకుంటారు. నెత్తళ్ళ విషయంలో సగానికి పైగా వ్యవహారం వల ఒడ్డుకి వచ్చిన మొదటి మూడు నాలుగు గంటల్లోనే తేలిపోతుంది. అది అర్థం కావాలంటే ఈ చేప సంగతి కొంచెం తెలియాలి.

నెత్తల్లు వేలెడంత చేప. పచ్చిగా ఉన్నప్పుడు ఒళ్ళు దాదాపు గాజు రంగులో ఉంటుంది, వెలుగుకి పట్టి చూస్తే వెన్నుపూస కనబడుతుంది. పక్కన తల దగ్గర్నుంచి తోక దాకా వెండి చార ఒకటి. మూతి కింది దవడను దాటి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది, నోరు తెరిస్తే కన్ను వెనక దాకా తెరుచుకుంటుంది. పొలుసు ఎంత పలచనంటే వలలోంచి దులిపేసరికే రాలిపోతుంది. మనం నెత్తళ్ళు అని ఒకే పేరుతో పిలిచేవాటిలో స్టోలిఫోరస్, ఎంక్రాసికోలైనా అనే రెండు ప్రజాతులకు చెందిన చాలా రకాలు కలిసి ఉంటాయి. అన్నీ ఒడ్డుకి దగ్గర్లో, లోతు తక్కువ నీళ్ళలో గుంపులుగా తిరిగేవే. నీళ్ళలో కంటికి ఆనీ ఆనని సన్నజీవాల్ని తిని బతుకుతాయి. వీటిని తిని వంజరాలు, పారలు, సముద్రపు పక్షులు బతుకుతాయి.

ఇంత చిన్న చేపకి పొట్ట చీల్చడం ఎవరి వల్లా కాదు. పేగులతో సహా అలాగే ఎండబెట్టాలి. ఇబ్బంది అంతా అక్కడే ఉంది. బాగా మేత మేసిన గుంపు వలలో పడితే ఆ పొట్టలో అరిగించే రసాలు నిండుగా ఉంటాయి. చేప చచ్చాక కూడా ఆ రసాలు పని ఆపవు, పొట్ట గోడనే అరిగించడం మొదలుపెడతాయి. ఎండలో గంపల్లో గుట్టగా పోసి ఉంచితే, పైనున్న బరువుకి కిందివాటి పొట్టలు పగిలి, పసుపు నీళ్ళు కారతాయి. ఆ చేప ఎండినా కడుపు దగ్గర నల్లగా, చీలిపోయి, చేదుగా ఉంటుంది. దానిలోని నూనె బయటకొచ్చి ఒళ్ళంతా పట్టేస్తుంది. మీ డబ్బాలో ఎర్రబడింది ఆ నూనే.

మా దగ్గర తెల్లారగట్ట వలకి పడ్డ చేపను వెంటనే సముద్రపు నీళ్ళలోనే కడిగి, పొద్దు పైకి రాకముందే పరిచేస్తే వచ్చే సరుకు వేరు. అదే చేప మధ్యాహ్నం దాకా పాట తేలక గంపల్లో ఉండిపోతే వచ్చే సరుకు వేరు. రెండూ ఒకే రోజు, ఒకే బోటులో వచ్చినవే. సంతలో రెండూ ఒకే ధరకి అమ్ముడుపోతాయి, కొనేవాళ్ళకి తేడా తెలియదు కాబట్టి.

ఎండబెట్టడంలో ఏం జరుగుతుంది

ఒడ్డున ఇసుక మీదే పరిచేయడం పాత అలవాటు. ఖర్చు లేదు, వేడి ఇసుక కింద నుంచి కూడా ఆరబెడుతుంది, తొందరగా అయిపోతుంది. కానీ తడిచేప ఇసుకను పట్టుకుంటుంది. చెంపల కింద, నోట్లో, పగిలిన పొట్టలో ఇసుక చేరి ఎండాక అక్కడే గట్టిపడుతుంది. కుక్కలు, కోళ్ళు, పిల్లల కాళ్ళు అన్నీ ఆ ఇసుక మీదే. ఇలా ఎండినవాటిని ఎంత జల్లెడ పట్టినా లోపలి ఇసుక పోదు. మీ పళ్ళకింద తగిలింది అదే.

వల మీద పరిస్తే సంగతి మారిపోతుంది. పాత వలలు రెండు మూడు మడతలు వేసి ఇసుక మీద పరుస్తాం. వీలున్నవాళ్ళు కర్రలు పాతి, నడుమెత్తున పందిరి వేసి దాని మీద వల లాగి కడతారు. కింద నుంచి గాలి ఆడుతుంది కాబట్టి పందిరి మీద ఎండినవి అన్నిటికన్నా శుభ్రంగా వస్తాయి. కొన్ని ఊళ్ళలో సిమెంటు గచ్చులు ఉన్నాయి. అవి ఉన్నచోట ఇసుక బాధ తగ్గింది, కానీ గచ్చు రోజూ కడగకపోతే నిన్నటి కుళ్ళు ఇవాళ్టి చేపకి అంటుతుంది.

పరిచేటప్పుడు ఒకదాని మీద ఒకటి పడకుండా చీపురుతో పలచగా నేర్పాలి. మొదటి గంటలో చేప వలకి అతుక్కుని ఉంటుంది, అప్పుడు కదిపితే తలలు ఊడిపోతాయి. పది పదకొండు అయ్యేసరికి అవే వలను వదిలేస్తాయి. అప్పుడు తిరగెయ్యాలి. మూడు గంటల వేళ రెండు చేతులతో ఎత్తి వదిలితే ఎండుటాకుల్లా గలగలమంటాయి. ఆ చప్పుడు రాకుండా ఎత్తకూడదు. సాయంత్రం మంచు దిగకముందే పోగుచేసి టార్పాలిన్ కప్పాలి, మర్నాడు మళ్ళీ పరచాలి. మాఘమాసపు పొడిగాలికి ఒకటిన్నర రోజులో అయిపోతుంది. మబ్బు పట్టిన రోజుల్లో మూడు రోజులైనా లోపల మెత్తదనం పోదు, ఈలోగా వాసన మొదలవుతుంది.

అంకెల్లో చెప్పాలంటే పచ్చి చేపలో నూటికి 75 నుంచి 80 పాళ్ళు నీరే. అది 15 పాళ్ళకి దిగువకు రావాలి, అప్పుడే బూజు పట్టదు. అంటే సుమారు నాలుగు కిలోల పచ్చి నెత్తళ్ళు ఎండితే కిలో ఎండు నెత్తళ్ళు వస్తాయి. ఈ లెక్క మీకు సంతలో బాగా పనికొస్తుంది. ఆ రోజుల్లో పచ్చి నెత్తళ్ళు కిలో ఎంత ఉన్నాయో కనుక్కోండి, దాన్ని నాలుగు పెట్టి గుణించండి, ఎండబెట్టిన కూలి, రవాణా కలపండి. అంతకన్నా బాగా తక్కువకి ఎవరైనా ఇస్తున్నారంటే ఆ కిలోలో చేప కాక ఇంకేదో ఉన్నట్టే. ఉప్పు కావచ్చు, ఇసుక కావచ్చు, ఆరని నీరు కావచ్చు. చవకగా దొరికిందని సంబరపడేది ఈ మూడింటికి డబ్బు ఇచ్చే.

ఉప్పు గురించి ఒక మాట. పెద్ద చేపలకి ఉప్పు తప్పదు, లేకపోతే లోపల ఆరేలోపే కుళ్ళిపోతాయి. నెత్తళ్ళకి అవసరం లేదు, సన్నటి ఒళ్ళు కాబట్టి ఎండే సరిపోతుంది. అయినా ఉప్పు వేశారంటే మబ్బు రోజుల్లో కాపాడుకోడానికి వేసి ఉండాలి, లేదా బరువు కోసం. మొదటిది తప్పు కాదు, కానీ ఆ సరుకు వర్షాకాలంలో గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది.

సంతలో ఎలా చూడాలి

బస్తా పైన కనబడేవి చూసి కొనకండి. చెయ్యి అడుగుదాకా పెట్టి గుప్పెడు పైకి తీయమనండి. తీయనివ్వకపోతే పక్క దుకాణానికి వెళ్ళండి.

రంగు చూడండి. మంచివి లేత గడ్డి రంగు కలిసిన తెలుపు, పక్కన వెండి చార ఇంకా మెరుస్తూ ఉంటుంది. ఆ చార మాసిపోయి, ఒళ్ళంతా పసుపుగానో ఇటుక రంగులోనో ఉంటే నూనె చెడిపోయిందని లెక్క. పైన తెల్లటి పొడి కనబడితే వేలితో రుద్దండి. ఉప్పు అయితే గరగరమని, నాలిక మీద కరుగుతుంది. బూజు అయితే నూగులా లేచి, మట్టి కొట్టిన వాసన వస్తుంది. రెండూ దూరం నుంచి ఒకేలా ఉంటాయి, అందుకే చెయ్యి పెట్టాలి.

మధ్యకి విరవండి. టక్కున విరగాలి. వంగి, సాగి, తోలులా ఉంటే ఇంకా తడి ఉంది. విరిచిన చోట వాసన చూడండి. ఎండు చేపకి తనదైన ఘాటు ఉంటుంది, అది ఫరవాలేదు. ముక్కుకి గుచ్చినట్టు ఉండే వాసన, పాత నూనె కంపు, ఏదో మందు వాసన, ఈ మూడింట్లో ఏది వచ్చినా వద్దు. నిల్వ సరుకుకి పురుగు పట్టకుండా పురుగుమందు చల్లడం ఎండు చేపల వ్యాపారంలో అక్కడక్కడా ఉన్నదే. తినే సరుకు మీద అది చల్లేవాళ్ళని నేను క్షమించలేను. వాసన మీద అనుమానం వస్తే బేరం కూడా ఆడకండి.

పొట్ట చూడండి. గుప్పెడులో ఒకటో రెండో పగిలి ఉండటం సహజం. సగానికి సగం పొట్ట చీలి, తలలు ఊడి, అడుగున పొడి పేరుకుని ఉంటే అది ఆలస్యంగా పరిచిన చేప, లేదా ఒకసారి ఎండి, తడిసి, మళ్ళీ ఎండినది. ఈ రెండోది గట్టిగా చెప్పాలి. తుపానుకో అకాల వర్షానికో బస్తాలు తడుస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు మా గొడౌన్ రేకులు లేచిపోయి ఉన్న సరుకంతా నానిపోయింది. మళ్ళీ ఎండబెడితే చూపుకి ఎండు చేపే. కొనడానికి మనుషులు కూడా వచ్చారు. కానీ నానిన ఆ రెండు రోజుల్లో లోపల పెరగాల్సిన సూక్ష్మజీవులు పెరిగిపోయాయి. మేం ఆ సరుకు ఎవరి కంచంలోకీ పోనివ్వలేదు. ఇలాంటి సరుకు పోల్చుకునే గుర్తులు మూడు: వెండి చార పూర్తిగా పోతుంది, వేళ్ళ మధ్య నలిపితే విరగకుండా పిండిలా రాలుతుంది, వాసన పుల్లగా ఉంటుంది. తుపాను వచ్చిన నెల రెండు నెలల్లో కొనేటప్పుడు ఇది తప్పకుండా చూడండి.

ఇసుక పరీక్ష ఇంటి దగ్గర చేసుకోవచ్చు. ముందు పావుకిలో మాత్రమే కొనండి. స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి ఒక గుప్పెడు వేసి చేత్తో కలిపి, రెండు నిమిషాలు ఆగి, చేపలు పైకి తీసేయండి. గిన్నెను ఒక పక్కకి వంచి నీళ్ళు మెల్లగా ఒంపితే అడుగున ఉన్న ఇసుక కనబడుతుంది. చిటికెడు కనబడితే సర్దుకోవచ్చు. గిన్నె అడుగు గరగరలాడితే ఆ దుకాణం మార్చండి.

ఇంకో సంగతి: నెత్తళ్ళ పేరుతో కవళ్ళ (సార్డిన్ చేపల) పిల్లలు, కారలు, చిన్న సావళ్ళు కలిపి అమ్ముతారు. సన్నకన్ను వలలో పడ్డ చిల్లర చేపంతా ఒకే కుప్పలో ఎండేస్తారు. కవళ్ళ పిల్లని పోల్చడం సులువు. దాని నోరు చిన్నది, పొట్ట అంచున వేలు వెనక నుంచి ముందుకి రాస్తే రంపం పళ్ళు తగులుతాయి. నెత్తల్లుకి నోరు పెద్దది, మూతి ముందుకు ఉంటుంది, పొట్ట గుండ్రం, ముందు వైపు మాత్రం నాలుగైదు సూదిముళ్ళు ఉంటాయి. కవళ్ళలో నూనె ఎక్కువ కాబట్టి కలిసిన సరుకు తొందరగా ఎర్రబడుతుంది. అదొక్కటే కాదు. పెరగాల్సిన పిల్ల చేపల్ని పిడికెడు చొప్పున ఎండేసి అమ్ముకుంటే రేపు మా బోట్లకే చేప ఉండదు. నెత్తల్లు వేలెడంత ఉన్నప్పుడే పెద్దది, గుడ్లు పెట్టి ఉంటుంది. కవళ్ళ పిల్ల అలా కాదు. కలగలుపు సరుకు వద్దని కొనేవాళ్ళు అంటే అది మా ఒడ్డుదాకా వినబడుతుంది.

ఎప్పుడు కొనాలి

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని పెట్టినది, మంచిదే. తెప్పల మీద తెడ్లు వేసుకుని పోయేవాళ్ళకి నిషేధం లేదు కాబట్టి కొద్దో గొప్పో చేప వస్తుంది. దీనివల్ల ఏమవుతుందంటే ఎండలు మండిపోయే మే నెలలో ఎండబెట్టడానికి చేప తక్కువ. అప్పుడు సంతకి వచ్చేది చాలావరకు ముందు నిల్వ పెట్టిన సరుకే. నిషేధం తీసేసరికి వానలు. చేప వస్తుంది, ఎండ ఉండదు. అందుకే జనవరి నుంచి ఏప్రిల్ మొదటి పక్షం దాకా అంటున్నాను. చేప, పొడిగాలి, ఎండ మూడూ కలిసొచ్చే రోజులవి. జూలై, ఆగస్టుల్లో కొనక తప్పకపోతే వారానికి సరిపడా మాత్రం కొనండి.

మీరు విజయనగరంలో ఉన్నారు కాబట్టి పూసపాటిరేగ వైపు చింతపల్లి, కోనాడ, తిప్పలవలస, భోగాపురం వైపు ముక్కాం మీకు పెద్ద దూరం కాదు. ఒక ఆదివారం వెళితే ఒడ్డున ఎవరు ఎలా ఎండబెడుతున్నారో మీ కళ్ళతో చూడొచ్చు. వల మీద ఎండబెట్టే మనిషి ఒకరు దొరికితే ఫోన్ నంబరు తీసుకోండి. నా పాత ఖాతాదార్లు చాలామంది అలా ఒకసారి వచ్చి చూసి వెళ్ళినవాళ్ళే.

ఇంట్లో దాచడం

తెచ్చిన మర్నాడు డాబా మీద పళ్ళెంలో పలచగా పోసి, పైన పాత పలచటి చీర కప్పి, పది నుంచి మూడు దాకా ఎండనివ్వండి. అపార్టుమెంటులో ఎండ రాకపోతే మందపాటి మూకుడులో సన్న సెగ మీద నూనె లేకుండా తిప్పుతూ వేయించండి, రంగు మారకూడదు, తడి పోవాలి. తర్వాత పూర్తిగా చల్లారనివ్వండి. వేడి మీద డబ్బాలో పోస్తే ఆవిరి మూతకి పట్టి మళ్ళీ వాటి మీదే పడుతుంది.

ఎర్రబడటానికి శత్రువులు గాలి, వెలుతురు, వేడి. నా దగ్గర కొనే ఒకావిడ ప్రతిసారీ సరుకు ఎర్రబడుతోందని ఫిర్యాదు చేసేది. అదే బస్తాలోవి నా దగ్గర ఏ మార్పూ లేకుండా ఉన్నాయి. ఎక్కడ పెట్టారని అడిగితే గ్యాస్ పొయ్యి పైన అలమరాలో, గాజు సీసాలో. రోజూ పొయ్యి వేడి, కిటికీ వెలుతురు, సీసా సగం ఖాళీ అంటే సగం గాలి. పొయ్యికి దూరంగా, చిన్న డబ్బాల్లోకి మార్చాక ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు.

ఫ్రీజర్ ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఒక్కో వంటకి సరిపడా చిన్న కవర్లు కట్టి, గాలి నొక్కేసి పెట్టండి. పురుగు గుడ్లు ఉన్నా చలికి చస్తాయి. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే చల్లటి చేప మీద గాలిలోని నీరు పడుతుంది. ఫ్రీజర్ లేనివాళ్ళు మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పోసి, పదిహేను రోజులకోసారి ఎండ చూపిస్తే నాలుగైదు నెలలు ఉంటాయి.

హైదరాబాదులో, బయటి దేశాల్లో ఉన్న పిల్లలకి పంపడానికి ఈ మధ్య వాక్యూమ్ ప్యాక్ చేయిస్తున్నారు. బాగా ఎండిన సరుకైతే చక్కగా పనిచేస్తుంది. తడి ఉన్నదాన్ని గాలి తీసి బిగిస్తే లోపలే చెమర్చి కుళ్ళుతుంది. ముందు విరిచి చూడండి, తర్వాతే ప్యాకింగ్.

చిన్న నల్లటి పెంకు పురుగులు, వెంట్రుకల గోధుమరంగు పురుగులు కనబడితే ఆ డబ్బా సరుకు ఇంటి మనుషులకి వద్దు. ఉప్పు వేసిన చేప మీద గులాబీ రంగు జిగురు కనబడితే అది ఉప్పులో బతికే సూక్ష్మజీవి, అదీ వద్దు. ఇంకొకటి కంటికి కనబడదు. ఎండలో ఆలస్యంగా పరిచిన చేపలో హిస్టమిన్ అనే పదార్థం తయారవుతుంది. తిన్న కాసేపటికి పెదాలు చిమచిమలాడటం, ముఖం ఎర్రబడటం, దురద, తలనొప్పి వస్తే దాన్ని అనుమానించాలి. ఎంత వండినా అది పోదు. ఇలా అనిపిస్తే కూర పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి.

శుభ్రం చేయడం, బాబుకి పొడి

తలని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి కిందికి వంచి లాగండి. బాగా ఎండిన చేప అయితే తలతో పాటు పేగు కూడా నల్లటి దారంలా వచ్చేస్తుంది. చేదు అంతా ఆ దారంలోనే. మరీ చిన్నవాటికి ఇది అక్కర్లేదు, పెద్దవాటికి తప్పదు. తర్వాత పొడి మూకుడులో వేడిచేసి, గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడుసార్లు చకచకా కడిగి తీసేయండి. నాననివ్వకండి, రుచి నీళ్ళలోకి పోతుంది. ఆపైన వంకాయతోనో పచ్చి మామిడికాయతోనో చింతచిగురుతోనో మీ ఇష్టం. మా ఇంట్లో చోడి (రాగి) అంబలి తాగేటప్పుడు పక్కన వేయించిన నెత్తళ్ళు, పచ్చి ఉల్లిపాయ ఉంటే ఇంకేం అడగరు.

బాబు విషయం. మీ అత్తగారి మాటలో న్యాయం ఉంది. పెద్ద చేపలో ముల్లు తీసి పారేస్తాం, నెత్తల్లుని ముల్లుతో సహా తింటాం. కాల్షియం ఉండేది ఆ ముల్లులోనే. మాంసకృత్తులు, బీ12 కూడా బాగా ఉంటాయి. కానీ ఇది ఆహారం, మందు కాదు. పాలు మానిపించి దీన్ని పెట్టాలనుకోకండి.

పొడికి ఉప్పు లేనివే తీసుకోవాలి. చిన్న పిల్లల ఒంటికి అంత ఉప్పు మంచిది కాదు. ఏడాది లోపు బిడ్డలకైతే ఉప్పుచేప అసలు వద్దు. తల, పేగు తీసి, కడిగి, మళ్ళీ పూర్తిగా ఆరబెట్టి, సన్న సెగ మీద కరకరలాడేదాకా వేయించి, మిక్సీలో మెత్తగా పట్టి, పిండి జల్లెడలో తప్పకుండా జల్లించండి. జల్లెడ మీద మిగిలిన మొరుము మీ కూరలోకి వాడుకోండి, బాబుకి వద్దు, ముల్లు గొంతులో గుచ్చుకోవచ్చు. మొదటిరోజు చిటికెడు పప్పన్నంలో కలిపి పెట్టి రెండు మూడు రోజులు చూడండి. దద్దుర్లు, పెదాల వాపు, వాంతులు ఏమైనా కనబడితే ఆపి పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి, చేప పడని పిల్లలు ఉంటారు. ఆయాసం వస్తే ఒక్క క్షణం కూడా ఆగొద్దు. ఏమీ లేకపోతే మెల్లగా పెంచుకోవచ్చు. పొడి పదిరోజులకి సరిపడా చేసుకుని ఫ్రిజ్‌లో పెట్టండి. పొడి చేశాక గాలి తగిలే చోటు ఎక్కువ కాబట్టి చేప కన్నా పొడే ముందు ముక్కిపోతుంది.

పెద్దవాళ్ళలో బీపీ ఉన్నవాళ్ళు ఉప్పు వేసిన సరుకు జోలికి పోవద్దు. యూరిక్ ఆసిడ్ ఎక్కువై కీళ్ళ వాపులు వచ్చేవాళ్ళు ఉప్పు లేనివైనా తగ్గించుకోవాలి, నెత్తళ్ళలో దాన్ని పెంచే గుణం ఎక్కువ.

మీ దగ్గర ఇప్పుడున్న ఎర్రబడినవి పిల్లికీ కోడికీ కూడా వేయకండి. ఇంటి దగ్గర కొబ్బరి చెట్టో మిరప మొక్కలో ఉంటే మొదలుకి కాస్త ఎడంగా జానెడు లోతు గొయ్యి తీసి పాతిపెట్టండి, మంచి ఎరువు అవుతుంది. ఉప్పు వేసినవైతే మాత్రం మొక్కల దగ్గర వద్దు, చెత్తబండిలో వేసేయండి. లోతు తక్కువైతే రాత్రికి రాత్రే కుక్కలు తవ్వేస్తాయి, పైన ఒక రాయి పెట్టండి.